నీళ్ల బంగళాకు వేసిన సున్నం

పోర్ట్ డెలాన్,
పశ్చిమ ఆస్ట్రేలియా.
20 ఫిబ్రవరి 1988.

చెల్లి ఎల్సాకు,

మీరు ముగ్గురూ ఆ కొత్త ఊళ్లో సుఖంగా కుదురుకోవాలని మీ బావా నేనూ రోజూ మోకరించి అడుగుతున్నాం. మీరు వెళ్లాక ఇక్కడ సాయంత్రాలు బోసిపోయాయి. హాస్పిటల్ వంటింట్లో డ్యూటీ దిగి వస్తూ అలవాటుకొద్దీ మీ గేటు వైపే తిరుగుతున్నాను. మీ ఇంట్లో దిగినవాళ్లకి పెద్ద పెద్ద కుక్కలున్నాయి. నన్ను చూసి అవి మొరగడం, నేను నాలిక కరుచుకుని వెనక్కి మళ్లడం.

మరిదిగారికి చెప్పాల్సిన విషయం ఒకటుంది.

మంగళవారం కౌన్సిల్ నుంచి ఇద్దరు మగవాళ్లు, వాళ్లతో ఒక ఫ్రెంచి ప్రొఫెసరమ్మ వచ్చి నీళ్ల బంగళా తాళం అడిగారు. హార్బర్ ఒడ్డున మనం నెలకోసారి ఆరాధన పెట్టుకునే ఆ రాతి కట్టడాన్ని మ్యూజియం చేస్తారట. కొత్త తీరాలు వెతుకుతూ వచ్చిన ఫ్రెంచి ఓడ ఒకటి మంచినీళ్ల కోసం ఇక్కడ ఆగిందనీ, ఊరికి ఆ కెప్టెన్ పేరే పెట్టారనీ మనకి తెలుసు. తెలియని సంగతి వేరే ఉంది. వెనక గదిలో ఉన్నది కట్టిన గోడ కాదు, కొండరాయి. అప్పట్లో అందులోంచి ఊట వచ్చేదట. నీళ్లకి దిగిన ఓడవాళ్లు ఆ రాయి మీద ఓడ పేరూ తమ పేర్లూ చెక్కారు. చాలా ఏళ్ల తర్వాత ఇంగ్లీషువాళ్లు ఆ రాతికి ఆనించి బంగళా కట్టారు. అది చేపల గోదాముగా ఉన్నన్నాళ్లూ పొయ్యి పొగకి రాయంతా మసిబారి ఆ పేర్లు కనబడకుండా పోయాయి.

మనం క్రిస్మస్‌కి సున్నం వేసింది ఆ రాతికే.

నేనే తలుపు తీసి లైటు వేశాను. ప్రొఫెసరమ్మ గోడ చూసి నేల మీద కూలబడింది. కళ్లు తిరిగాయేమో అని నీళ్లు తెచ్చాను. ఆమె ఏడుస్తోంది! "హూ డిడ్ దిస్?" అని అడిగారు. నేను సంతోషంగా, మేమే అన్నాను. క్రిస్మస్ ముందు మా దేశంలో ఇంటికీ గుడికీ వెల్ల వేస్తాం, ప్రభువు పుట్టే ఇల్లు మసిగా ఉండకూడదు అని చెప్పాను. తెల్లగా రావడానికి నీలిమందు కలిపామనీ, రాలకుండా జిగురు పోశామనీ కూడా చెప్పాను. వాళ్లు ఒక్కో మాటా రాసుకుంటుంటే మెచ్చుకుంటున్నారనే అనుకున్నాను, పిచ్చిదాన్ని.

ఇప్పుడు పర్మిషన్ ఎవరిచ్చారని అడుగుతున్నారు. మరిదిగారు ఆ రోజు గుమ్మంలో నిలబడి, "కౌన్సిల్‌తో మాట్లాడేశాను, మీరు కానివ్వండి" అన్నారు కదా. నువ్వూ, నేనూ, ఫిజీ నుంచి వచ్చిన రాజ్‌కుమారీ ఉన్నాం. కరోలిన్ బకెట్ పట్టుకుని ఉంది. మన ఫెలోషిప్‌కి సెక్రటరీ ఆయనే కాబట్టి ఆయన ఒక్క ఫోన్ చేసి, ఎవరితో మాట్లాడారో చెబితే చాలు. ఆలస్యం చేయొద్దని చెప్పు.

కరోలిన్‌కి ముద్దులు.

మీ అక్క
జ్ఞానకుమారి


బ్లాక్‌టౌన్, సిడ్నీ.
6 మార్చి 1988.

అక్కకు, బావగారికి వందనాలు.

నీ ఉత్తరం అందింది. ఇక్కడ ఊపిరాడడం లేదు. నాకు నర్సింగ్ హోమ్‌లో మార్నింగ్ షిఫ్ట్. ఆయన ఆఫీసు సిటీలో, ట్రైన్‌లో సీటు దొరికితే ఆ రోజు అదృష్టం. కరోలిన్‌కి స్కూల్ నచ్చలేదు. "ఇట్స్ ఓకే, మమ్మీ" అంటుంది, అంటే నచ్చలేదనే.

ఒక మంచి సంగతి. ఇక్కడ తెలుగు ఫెలోషిప్ పెద్దది. గుంటూరువాళ్లు, కాకినాడవాళ్లు, అందరూ ఒక స్కూలు హాల్లో కలుస్తారు. మీ మరిదిని పోయిన ఆదివారం ప్రసంగం చెయ్యమన్నారు. విన్నవాళ్లంతా చాలా బాగుందన్నారు. వసుంధర ఆంటీ అని ఒకావిడ, "మీ ఆయన నోట్లో దేవుడు తేనె పోశాడమ్మా" అంది.

సున్నం సంగతి ఆయనతో చెప్పాను. చూద్దాం అన్నారు. నువ్వు దాన్ని పెద్దది చేసుకోకు అక్కా. తెలియక చేశాం, సారీ, అంటే సరిపోతుంది. వీళ్లు సారీ అంటే ఇట్టే కరిగిపోతారు. ఆడవాళ్లు శుభ్రం చేస్తే జైల్లో పెడతారా ఎవరైనా?

మినప్పప్పు ఇక్కడ దొరుకుతోంది. పంపనా?

నీ చెల్లి
ఎల్సా


పోర్ట్ డెలాన్.
27 మార్చి 1988.

ఎల్సా,

మినప్పప్పు పంపొద్దు.

గురువారం కౌన్సిల్ మీటింగుకి నన్ను పిలిచారు. మీ బావ వర్క్‌షాప్ నుంచి అలాగే గ్రీజు చేతులతో వచ్చారు. నేను ఆదివారం చీర కట్టుకుని వెళ్లాను. ప్రెసిడెంటు ఒక కాగితం తీసి చదివాడు. ఫిబ్రవరి ఇరవై నాలుగున మిస్టర్ నాథన్‌తో ఫోన్‌లో మాట్లాడామన్నాడు. మిస్టర్ నాథన్, అంటే మీ ఆయన, ఏమన్నారంటే, సున్నం సంగతి తనకి ముందుగా ఏమీ తెలియదట. చదువులేని ఆడవాళ్లు ఊరి అలవాటుకొద్దీ తమంతట తాము చేసిన పనట. తను చాలా సిగ్గుపడుతున్నారట.

నాకు వాళ్ల ఇంగ్లీషు సరిగా అర్థం కాలేదేమో అని మీ బావ వైపు చూశాను. ఆయన తల దించుకున్నారు. అప్పుడు నాకు సరిగానే అర్థమైందని తెలిసింది.

"మిసెస్ రాయప్ప, ఆర్ యూ సేయింగ్ మిస్టర్ నాథన్ ఈజ్ లైయింగ్?" అని అడిగాడు ప్రెసిడెంటు.

యెస్ అన్నాను. వినబడలేదు, గట్టిగా చెప్పమన్నారు. మళ్లీ యెస్ అన్నాను. వెనక ఎవరో నవ్వారు. ఆయన పేరు అగ్రిమెంట్ మీద ఉంది, బంగళా నిబంధనలన్నీ ఆయనకి తెలుసు, ఆయనెందుకు అబద్ధం చెబుతారు అని ఒకడు ఆశ్చర్యపోయాడు. అంటే నేను గోడ పాడుచేసినదాన్నే కాదు, తప్పు ఇంకొకరి మీదకి తోసే అబద్ధాలకోరుని కూడా. తాళం బల్ల మీద పెట్టి వెళ్లమన్నారు. పెట్టాను.

ఒక్క మనిషే నా వైపు మాట్లాడింది. మా హాస్పిటల్ లాండ్రీలో పనిచేసే ఆంటీ మేవిస్. ఆమె వాళ్లది ఈ తీరం, ఫ్రెంచివాళ్లకి ముందు నుంచీ. ఆమె లేచి, "ఆ నీళ్లు మా అమ్మమ్మలవి. రాయి మీద చెక్కేముందు ఆ నావికులు మా వాళ్లని పర్మిషన్ అడిగినట్టు ఎక్కడైనా రాసుందా?" అంది. దయచేసి విషయానికి రమ్మన్నారు. "ఐ యామ్ ఆన్ ఇట్, లవ్" అని ఆమె కూర్చుంది.

ఎల్సా, ఫోన్ జరిగింది ఫిబ్రవరి ఇరవై నాలుగున. చూద్దాం అన్నారని నువ్వు రాసింది మార్చి ఆరున. నీకు తెలుసా, తెలియదా? ఇది ఒక్కటే అడుగుతున్నాను.

జ్ఞానకుమారి


బ్లాక్‌టౌన్.
17 ఏప్రిల్ 1988.

అక్కా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక ఇన్నాళ్లు పట్టింది.

తెలుసు. ఫోన్ వచ్చినప్పుడు నేను కిచెన్‌లో ఉల్లిపాయలు కోస్తున్నాను. ఆయన హాల్లో మాట్లాడుతున్నారు. "అన్‌ఎడ్యుకేటెడ్ లేడీస్" అనడం విన్నాను. ఫోన్ పెట్టేశాక, "ఎవరి గురించి?" అని అడిగాను. "నీ గురించి కాదులే" అన్నారు.

ఆయన పక్షాన్ని కూడా ఆలోచించు అక్కా. ఆ రోజు మాట్లాడేశానని అన్నారే గానీ నిజానికి మాట్లాడలేదట. క్రిస్మస్ పనుల్లో మరిచిపోయి, సున్నమే కదా, ఎవరు చూడొచ్చారు అనుకున్నారట. ఇప్పుడు కొత్త ఉద్యోగం, ఇంకా ప్రొబేషన్. హెరిటేజ్ బిల్డింగ్ డ్యామేజ్ అని పేపర్లో పేరొస్తే ఆఫీసువాళ్లు ఊరుకోరని భయపడ్డారు. పైగా ఇక్కడ సంఘానికి ఆయన్ని పెద్దగా పెట్టాలనుకుంటున్నారు. ఈ సమయంలో ఇది బయటికొస్తే ఆయన తలెత్తుకోలేరు. కరోలిన్ భవిష్యత్తు కూడా చూడాలి కదా.

నీకు అక్కడ ఏం పోయింది చెప్పు? ఉద్యోగం ఉంది. బావగారు దేవుడిలాంటివారు. నిన్నెరిగినవాళ్లెవరూ నిన్ను తప్పుగా అనుకోరు. నువ్వు చిన్నప్పటి నుంచీ నెమ్మదస్తురాలివి. అమ్మ కొట్టినా నోరెత్తేదానివి కాదు. ఎన్నిసార్లయినా క్షమించమన్నారు కదా ప్రభువు. నువ్వే మాకందరికీ అది నేర్పావు. ఈ ఒక్కసారికి మా కోసం క్షమించెయ్.

నీ
ఎల్సా


పోర్ట్ డెలాన్.
8 మే 1988.

ఎల్సా,

నీ ఉత్తరం చదివి మూలన పడేశాను. మళ్లీ తీసి చదివాను. మీ బావ అన్నం పెట్టుకుని తిన్నారు, నాకు వడ్డించబుద్ధి కాలేదు.

నాకు ఏం పోయిందని అడిగావు. చెబుతాను. నేను నరసాపురంలో ఎస్.ఎస్.ఎల్.సి. పాసయ్యాను. మన వీధిలో అంతవరకు చదివిన ఆడపిల్ల నేనొక్కదాన్నే. నాన్నగారు ఆ సంవత్సరం నన్ను వెంటబెట్టుకుని గుడికి నడిచి వెళ్లారు, ఎవరెదురైనా ఆగి చెప్పడానికి. నిన్ను కాలేజీకి పంపాలని నా చదువు అక్కడితో ఆపారు. నేను నోరెత్తలేదు. ఇప్పుడు నీ మొగుడు నన్ను చదువులేనిదన్నాడు. వినబడుతోందా? మరిదిగారు అని రాయడం లేదు, చూసుకో.

నా గొంతు చిన్నదని నా కోపం కూడా చిన్నదనుకున్నారు మీరంతా. అమ్మ కొట్టినప్పుడు నోరెత్తకపోతే నొప్పి లేదనుకున్నావా?

క్షమించమంటున్నావు. అడగాల్సినవాడు అడిగాడా? తప్పు చేశానని అన్నాడా? చేసినవాడు అక్కడ ప్రసంగాలు చేస్తుంటే, అడగని క్షమాపణ నేను ఇక్కణ్ణుంచి పార్సిల్ కట్టి పంపాలా? నేను ఆదివారం స్కూల్లో పిల్లలకి క్షమించమని నేర్పిన మాట నిజమే. పడి ఉండమని నేర్పలేదు. ఈ రెండింటికీ తేడా తెలియకుండా ఎలా పెరిగావే?

ఇంకొకటి. ఏప్రిల్ నుంచి నేను ప్రభు బల్లలో పాలు పుచ్చుకోవడం లేదు. తాళం పోయాక ఆరాధన మా కారు షెడ్డులో జరుగుతోంది. మొదటి ఆదివారం పెర్త్ నుంచి పాస్టరు గారు వచ్చి రొట్టె విరుస్తారు. నీ భర్త మీద ఇంత కోపం గుండెలో పెట్టుకుని ఆ రొట్టె ముట్టడానికి నాకు భయం. పళ్లెం నా దగ్గరికి వస్తుంది, పక్కవాళ్లకి అందిస్తాను. పదిహేనో ఏట నుంచి ఒక్క నెల తప్పనిదాన్ని. మొన్న రాజ్‌కుమారి వచ్చి వెనక కూర్చుంది. ఆమె మారెమ్మకి మొక్కే మనిషి, మన పద్ధతులు తెలియవు. "అక్కా, నీ ఇంట్లోనే నువ్వు పస్తా?" అంది.

ఇక ఆ గోడ. పెర్త్ నుంచి వచ్చిన అమ్మాయిలు సున్నం తీస్తున్నారు. జిగురు వల్ల చాలా ఆలస్యమవుతోందట. ఓడ పేరు బయటపడింది, మనుషుల పేర్లు బయటపడ్డాయి. ఒక్క పేరు మాత్రం సగం చెరిగింది. నేను మసి వదలడానికి తీగల బ్రష్షుతో రుద్దిన చోట అది. దాని కోసం నేను ఏడ్చాను. ఎవరి కొడుకో, ఎంత దూరం నుంచి వచ్చాడో. అది నా చేతుల వల్ల జరిగింది, ఎవరడిగినా చెబుతాను. కానీ తెలియని ఊళ్లో నీళ్లకి దిగినవాడు రాయి మీద పేరు చెక్కితే చరిత్ర, నేను అదే రాయిని కడిగితే నేరం అంటే మాత్రం ఒప్పుకోను.

ఆ గదిలో పెద్ద బోర్డు పెడతారు. అందులో ఏం రాస్తారో తెలుసా? ఇక్కడి వలస కుటుంబాల చదువులేని స్త్రీలు తెలియనితనంతో ఈ శిలకు హాని చేశారని రాస్తారు. నీ భర్త మాటే. మనం పోయాక కూడా ఉంటుంది ఆ బోర్డు. స్కూలు పిల్లలు వరసగా నిలబడి చదువుతారు.

ఫోన్‌లో చెప్పినది నిజం కాదని ఒక్క వాక్యం నువ్వు కౌన్సిల్‌కి రాస్తే చాలు. నా మాట వాళ్లకి చెల్లదు. రాజ్‌కుమారి వాళ్ల కాగితాలు ఇంకా రాలేదు. గొడవల్లో ఇరుక్కుంటే తిరిగి ఫిజీ పొమ్మంటారని ఆమెకి భయం, నేనే వద్దన్నాను. కరోలిన్ చేత తండ్రి మీద సాక్ష్యం చెప్పించను. మిగిలింది నువ్వు.

జ్ఞానకుమారి


బ్లాక్‌టౌన్.
5 జూన్ 1988.

అక్కకు,

ఇంత మాట రాస్తావనుకోలేదు. ఉత్తరం ఆయన చేతిలో పడింది. ఇంటికొచ్చేవి అన్నీ ఆయనే తీస్తారు, చదివాకే నాకిస్తారు. "మీ అక్కకి పిచ్చెక్కింది" అన్నారు. ఆ తర్వాత ఇంట్లో ఏం జరిగిందో రాయలేను. కొట్టలేదు, ఆయన అలాంటి మనిషి కాదు. మాట్లాడడం మానేశారు, అంతే.

ఇకనుంచి అటువంటివి రాయొద్దు. క్షేమం మాత్రం రాయి.

ఆగస్టు ఆఖరి ఆదివారం ఆయన్ని సంఘ పెద్దగా నియమిస్తారు. బావగారితో కలిసి వస్తే సంతోషం. అందరం కలిసి భోంచేస్తే అన్నీ అవే సర్దుకుంటాయి.

ఎల్సా


పోర్ట్ డెలాన్.
19 జూన్ 1988.

నాథన్ గారికి,

నా చెల్లికి రాసేవి మీరు ముందు చదువుతారని తెలిసింది కాబట్టి ఆమెని మధ్యలో పెట్టడం ఎందుకని మీకే రాస్తున్నాను.

మీకు అన్నం వండిపెట్టాను. మీరు ఈ ఊరు వచ్చిన కొత్తలో మా ఇంట్లోనే ఉన్నారు. అవి గుర్తుచేయడానికి రాయడం లేదు, ఎవరికైనా పెడతాను.

మీరు భయపడ్డారు. అది నాకు అర్థమైంది. భయంలో మనిషి ఒక అబద్ధం చెబుతాడు, మర్నాడు సిగ్గుపడతాడు. మీకు మర్నాడు వచ్చింది, వారం వచ్చింది, నాలుగు నెలలు వచ్చాయి. మీరు ఆ నాలుగు నెలల్లో ప్రసంగాలు చేశారు. దేని మీద చేశారో తెలుసుకోవాలని ఉంది.

ఆగస్టులో మిమ్మల్ని పెద్దగా నిలబెట్టేముందు, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమని అడుగుతారు. మన సంఘాల్లో ఎక్కడైనా అడుగుతారు. నేను ఆ రోజు అక్కడ ఉండను. నాకు సెలవు దొరకదు, దొరికినా రాను. మీ పనిని చెడగొట్టడానికి దేశం ఈ చివర నుంచి ఆ చివరకు వచ్చిందంటారు. ఆ ప్రశ్న మీరే వినండి.

ఎల్సాకి ఈ ఉత్తరం ఇవ్వండి. ఇవ్వకపోతే అది కూడా మీరే మోయండి.

జ్ఞానకుమారి రాయప్ప


బ్లాక్‌టౌన్.
30 ఆగస్టు 1988.

అక్కా,

ఇది నర్సింగ్ హోమ్ టీ రూమ్‌లో కూర్చుని రాస్తున్నాను. నేనే పోస్ట్ చేస్తాను.

నీ ఉత్తరం ఆయన నాకివ్వలేదు. ఆయన సూట్ డ్రైక్లీనింగ్‌కి వెయ్యడానికి జేబులు చూస్తే దొరికింది, ఆదివారానికి వారం ముందు. చదివి మళ్లీ అక్కడే పెట్టాను. ఆ సాయంత్రం కరోలిన్ హోమ్‌వర్క్ చేసుకుంటూ తల ఎత్తకుండానే, "ఐ వాజ్ దేర్, మమ్మీ. ఐ వాజ్ హోల్డింగ్ ద బకెట్" అంది. ఇన్ని నెలలూ పిల్లకేమీ తెలియదనుకున్నాను. "పెద్దమ్మ థింక్స్ వియ్ ఆర్ ఆల్ లయర్స్ నౌ, రైట్?" అంది.

అయినా ఆదివారం పట్టుచీర కట్టుకునే వెళ్లాను. బిరియానీకి నేనే మసాలాలు పంపాను. ఏమీ మాట్లాడకూడదనే వెళ్లాను, నిజం చెబుతున్నాను. పాస్టరు గారు ఆయన్నీ ఇంకో ఇద్దర్నీ ముందుకి పిలిచి, ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పాలన్నారు. ఊరికే అడగడమే, ఎవరూ ఏమీ అనరు, ఆయన అప్పటికే పేజీ తిప్పుతున్నారు.

నేను లేచి నిలబడి ఉన్నాను. ఎప్పుడు లేచానో తెలియదు.

"చెప్పండి సిస్టర్, ఏదైనా ప్రార్థన అవసరతా?" అన్నారు పాస్టరు గారు.

"నేను ఆయన భార్యని. అభ్యంతరం నాదే" అన్నాను.

వసుంధర ఆంటీ కొంగు పట్టి లాగింది. "కూర్చో అమ్మా, ఇంటి గొడవలు ఇంట్లో."

"ఇంట్లో అన్నది అయితే ఇంట్లోనే సరిచేసేదాన్ని ఆంటీ. ఆయన కౌన్సిల్‌తో అన్నారు" అన్నాను. అన్నీ చెప్పాను. సున్నం, పర్మిషన్, ఫోన్, ఉల్లిపాయలు కూడా చెప్పాను, దేనికో తెలియదు. మా అక్క చదువులేనిది కాదనీ, ఆమె చదువు ఆపి నన్ను చదివించారనీ చెప్పాను. అక్కడ ఏడుపొచ్చింది. ఆయన నా వైపు చూడలేదు. నియామకం ఆగిపోయింది. మిగతా ఇద్దరికీ జరిగింది.

బిరియానీ ఎవరూ ముట్టకపోతారేమో అనుకున్నాను. శుభ్రంగా తిన్నారు.

ఈ ఉదయం టేబుల్ మీద కౌన్సిల్ అడ్రసు రాసిన కవరు ఒకటి, అంటించకుండా, నా వైపు తిప్పి పెట్టి ఆఫీసుకి వెళ్లిపోయారు. నన్ను చదవమని. జరిగింది జరిగినట్టే రాశారు. చివర్లో మిసెస్ రాయప్ప చెప్పిన ప్రతి మాటా నిజమని రాశారు. నేనే అంటించి పోస్ట్ చేశాను.

ఇప్పుడు నాకు చాలా భయంగా ఉంది అక్కా. కానీ చేసినదానికి బాధ లేదు.

నవంబరులో మీ దగ్గర మ్యూజియం ఓపెనింగ్‌కి తనే వస్తానని ఆ కాగితంలోనే రాశారు. కరోలిన్ తోడు వస్తుంది. నాకు లీవ్ లేదు. ఆయన నిన్ను క్షమించమని అడుగుతారు. అడిగాక నువ్వు ఏమన్నావో నాకు వెంటనే రాయి. మేం మళ్లీ ఒక కుటుంబం అయ్యామో లేదో నాకు తెలియాలి.

నీ
ఎల్సా


పోర్ట్ డెలాన్.
22 నవంబరు 1988.

ఎల్సా, నా తల్లీ,

అడిగాక రాయమన్నావు, అందుకే ఇన్నాళ్లు ఆగాను. నీ ఉత్తరం వచ్చిన రోజే మీ బావకి చదివి వినిపించాను. "మన ఎల్సాయేనా?" అన్నారు. మళ్లీ చదవమన్నారు. నువ్వు లేచి నిలబడిన చోట ఆయన కూడా కుర్చీలోంచి లేచారు.

కౌన్సిల్ ప్రెసిడెంటు సెప్టెంబరులో తాళం పట్టుకుని ఇంటికొచ్చాడు, కేకు కూడా తెచ్చాడు. కేకు తీసుకున్నాను. తాళం మాత్రం, మీటింగులో తీసుకున్నారు కాబట్టి మీటింగులో ఇవ్వమన్నాను. ఇచ్చారు. ఆ రోజు నవ్వినవాడు అక్కడే ఉన్నాడు, తన బూట్లు చూసుకుంటూ. బోర్డు మీద ఇప్పుడు ఇలా ఉంది: ఇక్కడ ఆరాధించే తెలుగు కుటుంబాలు 1987 క్రిస్మస్‌కు తమ ఆచారం ప్రకారం ఈ శిలకు సున్నం వేశాయి, తర్వాత దాన్ని తొలగించారు. అంతే. ఆంటీ మేవిస్ దాని పైన ఇంకో వాక్యం పెట్టించింది, ఆ నీళ్లు ఎవరివో. అది మొట్టమొదట ఉంది.

శనివారం ఓపెనింగ్. టై కట్టుకున్నవాళ్లు వచ్చారు, ఫ్రెంచి జెండా పెట్టారు. ప్రొఫెసరమ్మ నన్ను చూసి, ఎలా పలకరించాలో తెలియక చెయ్యి పట్టుకుంది. జనం వెళ్లిపోయాక నీ భర్త వెనక గదిలోకి వచ్చాడు. నేనూ, రాజ్‌కుమారీ, మీ బావా, కరోలిన్. రాజ్‌కుమారికి కాగితాలొచ్చాయి, ఇప్పుడు ఆమెకి ఎవరి భయమూ లేదు.

అతను చాలా చిక్కిపోయాడు. చేతులు కట్టుకుని మొదలుపెట్టాడు. "ఐ డీప్లీ రిగ్రెట్ ద మిస్‌అండర్‌స్టాండింగ్..."

"తెలుగులో చెప్పు నాయనా. మేము చదువులేని ఆడవాళ్లము గదా, ఇంగ్లీసు మాకెట్ల తెలుస్తుంది?" అంది రాజ్‌కుమారి. ఆమె తెలుగు వాళ్ల ముత్తాతలు ఓడలో ఫిజీకి పట్టుకుపోయిన తెలుగు. అయినా మన వీధిలోని ముసలమ్మ తిట్టినట్టే ఉంది.

కరోలిన్ నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగింది. అతనికి చెవులు ఎర్రబడ్డాయి. తెలుగులో అతనికి మాటలు దొరకడానికి చాలాసేపు పట్టింది. నోట్లో తేనె ఉందన్నారు కదా, ఆ తేనె ఎటు పోయిందో. చివరికి ఇలా అన్నాడు. "వదినగారూ, నేను అబద్ధం చెప్పాను. మీ మీదకి తోశాను. మిమ్మల్ని తక్కువ చేసి మాట్లాడాను. నన్ను క్షమించండి." అంతే. బాగానే చెప్పాడు. కప్పిపుచ్చలేదు, ప్రొబేషన్ సంగతి ఎత్తలేదు. నేను ఎన్ని నెలలుగా ఏ మాటలు వినాలనుకున్నానో అవే మాటలు.

అడగాల్సినవాడు అడిగాడా అని నేనే రాశాను. అందుకు సిద్ధంగానే వెళ్లాను. నోరు తెరిచాను. మాట రాలేదు ఎల్సా. మనసులో వెతికాను, అక్కడ కోపమే ఉంది, పొయ్యి కింద నిప్పులా. లేని మాట నోటితో ఎలా అనను? అలా అంటే అతను ఫోన్‌లో చేసినదే నేనూ చేసినట్టు.

"విన్నాను" అన్నాను.

నేను ఇంకేదో అంటానేమో అని అతను నిలబడ్డాడు. మీ బావ వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసి బయటికి తీసుకెళ్లారు. ఆ సాయంత్రం మా ఇంట్లోనే భోంచేశాడు. చేపల పులుసు వడ్డించాను, రెండోసారి అడిగితే మళ్లీ వేశాను. కరోలిన్ నా పక్కనే పడుకుంది. ఆదివారం బస్సెక్కే ముందు నన్ను పట్టుకుని వదల్లేదు.

మళ్లీ ఒక కుటుంబం అయ్యామా అని అడిగావు. నువ్వూ నేనూ అయ్యాం. నువ్వు లేచి నిలబడిన క్షణమే అయ్యాం, దాంట్లో ఏ బాకీ లేదు. అతని సంగతి నాకు తెలియదు. ఈ వచ్చే మొదటి ఆదివారం పళ్లెం నా దగ్గరికి వచ్చినప్పుడు ఏం చేస్తానో కూడా తెలియదు. రోజూ మోకాళ్ల మీద ప్రభువుకి ఉన్నదున్నట్టు చెబుతున్నాను, ఇంకా కోపంగానే ఉంది అని. ఆయన నన్ను తొందరపెట్టడం లేదు.

నువ్వూ తొందరపెట్టకు.

మీ అక్క
జ్ఞానకుమారి